హల్లు వినపడాలి



నా మాట ఇప్పుడు మీ ఇంట్లో వినిపిస్తోందంటే, ఈ రేడియో స్టూడియో గాజు అద్దం అవతల ఒకరు నా గొంతును కనిపెట్టుకుని కూర్చున్నారన్నమాట. నేను కుర్చీలో వెనక్కి వాలితే వారి వేలు ముందుకు జరుగుతుంది. కాగితం చప్పుడైతే వారి కనుబొమలు ముడిపడతాయి. ముప్పై ఏళ్ళుగా నేనూ ఆ పనే చేస్తున్నాను. నాకు అద్దం ఉండదు, అంతే తేడా. హాలు చివర ఒక బల్ల, బల్ల మీద మిక్సరు, ఎదురుగా రెండు మూడు వందల మంది వీపులు, వాటికి అవతల వేదిక. పాడేవారి ముఖం దూరంగా కనిపిస్తుంది. వినేవారి ముఖాలు అసలే కనిపించవు. నేను పనిచేసేది మాత్రం వాళ్ళ కోసం.

మాది చిక్కడపల్లి. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ నుంచి నారాయణగూడ వైపు సాగే రోడ్డు, దాని పక్క సందులు, అవతల అశోక్‌నగర్. నా పనిలో ఎక్కువ భాగం ఈ రెండు మైళ్ళ లోపలే గడిచింది. హైదరాబాదులో సంగీతసాహిత్యాలంటే ఇష్టమున్నవారికి చిక్కడపల్లి అనగానే త్యాగరాయ గానసభ గుర్తొస్తుంది. ఒక సాయంత్రం శాస్త్రీయ సంగీత కచేరీ, మర్నాడు పద్యనాటకం, ఆ మర్నాడు పుస్తకావిష్కరణ, ఇంకోరోజు పాత సినిమా పాటలు. వచ్చేవారిలో రిటైరైన టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, సిటీ సెంట్రల్ లైబ్రరీలో పేపర్లు చదువుకుని అటే నడిచి వచ్చే పెద్దవాళ్ళు ఎక్కువ. భుజానికి గుడ్డ సంచీ, అందులో మంచినీళ్ళ సీసా, కళ్ళజోడు పెట్టె. ఇలాంటి శ్రోతల మధ్య పని నేర్చుకోవడం నా అదృష్టం. వాళ్ళు పాటను మాటతో సహా వినడానికి వస్తారు.

నాకు పని నేర్పింది మా మేనమామ. ఆయనది చిన్న మైక్‌సెట్ దుకాణం. రెండు యాంప్లిఫయర్లు, నాలుగు హారన్లు, ఆరు మైకులు, ఒక రికార్డు ప్లేయరు. పెళ్ళిళ్ళు, గుడి ఉత్సవాలు, ఎన్నికల జీపులు, హరికథలు, అన్నీ ఆ సామానుతోనే. పదో తరగతి అయ్యాక సెలవుల్లో ఆయన దగ్గర సోల్డరింగు నేర్చుకున్నాను. పిన్ను ఊడితే అతకడం, కేబుల్ ఎక్కడ తెగిందో చేత్తో వంచి చూసి కనిపెట్టడం, కోఠీ గుజరాతీ గల్లీకి పోయి సరైన పార్టు బేరమాడి తేవడం. మొదట్లో ఆయన నన్ను మిక్సరు దగ్గర కూర్చోనివ్వలేదు. హాలులో చిట్టచివరి వరుసలో కూర్చోబెట్టాడు. "అల్లుడా, నీకు మంచిగ వినపడుడు ముఖ్యం కాదు. గీ వరుసల కూసున్న పెద్దమనిషికి మాట తెల్వాలె" అన్నాడు. మూడు నెలలు అదే నా ఉద్యోగం. చివరి వరుసలో కూర్చోవడం, అర్థం కాని మాటను కాగితం మీద రాసిపెట్టడం.

ఆ కాగితాలు ఇప్పుడు లేవు గానీ, వాటి నుంచి నేర్చుకున్నది ఉంది. అది చెప్పడానికే ఇవాళ వచ్చాను.

ముందుగా కచేరీ రోజు మధ్యాహ్నం ఎలా ఉంటుందో చెప్తాను. ఆరింటికి కార్యక్రమమైతే మేము మూడింటికల్లా ట్రాలీ ఆటోలో సామాను దించాలి. మొదటి పని కరెంటు చూసుకోవడం. లైట్ల లైను వేరు, సౌండు లైను వేరు ఉండాలి. ఎర్తింగ్ బాగుండాలి. ఎందుకంటే మన కరెంటు 50 హెర్ట్జ్‌ది. ఎర్తింగ్ సరిగా లేకపోతే స్పీకర్లలోంచి ఒక గుంయిమనే శబ్దం వస్తుంది. దాన్ని మేము హమ్మింగ్ అంటాం. అది 50 దగ్గరే కాదు, 100 దగ్గర కూడా పలుకుతుంది. ఇప్పుడు, ఒకటి శ్రుతిలో పాడే గాయకుడి షడ్జమం సుమారు 131 హెర్ట్జ్. ఆయన కిందికి దిగి మంద్ర పంచమం మీద నిలబడితే అది 98. తొంభై ఎనిమిదికీ వందకీ ఎంత తేడా అనిపించవచ్చు. కానీ సంగీతం తెలిసిన చెవికి అది శ్రుతి తప్పిన పంచమం. పాపం ఆ విద్వాంసుడు తంబురాకు కలిపి పాడుతుంటే, గోడలోని తీగ ఆయన పక్కన కూర్చుని అపశ్రుతి పలుకుతూ ఉంటుంది. ఆయన కారణం తెలియక గొంతు సర్దుకుంటూ ఉంటారు. అందుకే కరెంటు లైను చూడటం ఎలక్ట్రీషియన్ పని మాత్రమే అనుకోను. అది శ్రుతి చూడటమే.

తర్వాత మైకులు. మన కచేరీలో కూర్చునే పద్ధతి మైకులు పుట్టకముందే కుదిరింది. గాయకుడికి ఎడమవైపు వయొలిన్, కుడివైపు మృదంగం. మృదంగ విద్వాంసుడు అలా కూర్చున్నప్పుడు ఆయన కుడిచేతి ముఖం సభ వైపుకు, ఎడమచేతి ముఖం వెనక తెర వైపుకు ఉంటుంది. కుడి ముఖం పలికే స్పష్టమైన అక్షరాలు జనానికి నేరుగా చేరతాయి. ఎడమ ముఖం గుమ్మనే నాదం వెనక నుంచి మెత్తగా వస్తుంది. పెద్దలు చెవితోనే ఈ లెక్క వేశారు. మేము వెళ్ళి రెండు ముఖాలకూ చెరొక మైకు పెట్టి, ఎడమదాన్ని పెద్దది చేసి ఆ లెక్క చెడగొట్టకూడదు. ఇంకొకటి, ఎడమ ముఖానికి రవ్వ ముద్ద అద్దేది వేదిక మీద కూర్చున్నాకనే. రవ్వ పెట్టకముందు చేసిన సౌండ్ చెక్ పనికిరాదు. ఈ సంగతి తెలియని రోజుల్లో మధ్యాహ్నం అంతా సరిచేసుకుని, సాయంత్రం మొదటి వర్ణంలోనే హాలంతా గుమ్ముమంటుంటే కంగారుపడేవాణ్ణి.

ఇప్పుడు తంబురా కూడా ఫోనులోకి వచ్చింది. ఫోనులో యాప్ పెట్టి, దానికి మా కేబుల్ తగిలించి, శ్రుతి నడిపిస్తారు. ఒక కచేరీలో ఆలాపన మంచి పట్టులో ఉండగా ఆ ఫోనుకు కాల్ వచ్చింది. శ్రుతి ఆగిపోయింది. దాని బదులు సినిమా పాట రింగ్‌టోన్ హాలంతా మోగింది. నేను ఫేడర్ దించేలోపు రెండు సెకన్లు పోయాయి. ఆ విద్వాంసురాలు కళ్ళు తెరవకుండా, శ్రుతి లేకుండానే షడ్జమం పట్టుకుని నిలబడ్డారు. సభ ఊపిరి బిగబట్టింది. ఆ రెండు సెకన్లు ఇప్పటికీ నన్ను వదల్లేదు. అప్పటి నుంచి ఫోను ఎవరిదైనా సరే, ఫ్లైట్ మోడ్‌లో పెట్టింది నా కళ్ళతో చూస్తేగానీ కేబుల్ తగిలించను.

ఇక హాలు సంగతి. ఖాళీ హాలులో చప్పట్లు కొట్టి చూడండి. చప్పట్లు ఆగినా ధ్వని గోడల మధ్య తిరుగుతూనే ఉంటుంది. దీన్ని మొదట లెక్కకు తెచ్చింది వాలెస్ సబైన్ అనే అమెరికా ప్రొఫెసరు. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కొత్తగా కట్టిన ఒక ఉపన్యాసశాలలో మాట అర్థం కావడం లేదని ఆయనను పిలిచారు. అక్కడ ఒక ధ్వని ఆగిపోయాక కూడా ఐదున్నర సెకన్ల దాకా వినపడేదట. ఐదున్నర సెకన్లంటే తెలుగులో రెండు వాక్యాలు. మొదటి వాక్యం ఇంకా గాలిలో ఉండగా మూడోది మొదలవుతుంది. ఆయన రాత్రుళ్ళు, ఊరంతా సద్దుమణిగాక, పక్కనున్న నాటకశాల నుంచి కుర్చీల దిండ్లు మోయించుకొచ్చి, ఒక్కో వరుస పరుస్తూ, ఆర్గన్ గొట్టం ఊది, ధ్వని చచ్చిపోయేదాకా గడియారం పట్టుకుని లెక్కపెట్టాడు. తెల్లారేసరికి దిండ్లన్నీ మళ్ళీ నాటకశాలకు చేర్చాలి. ఈ మోత పని గురించి చదివినప్పుడు ఆ ప్రొఫెసరు మా ట్రాలీ ఆటో మనిషిలాగే అనిపించాడు నాకు. దగ్గరివాడనిపించాడు.

సబైన్ వాడిన కొలమానం నాకు మరీ ఇష్టం. ధ్వనిని పీల్చుకోవడంలో దేనినైనా ఆయన తెరిచిన కిటికీతో పోల్చాడు. తెరిచిన కిటికీలోంచి వెళ్ళిన ధ్వని తిరిగి రాదు గదా. ఆ లెక్కన హాలులో కూర్చున్న ఒక మనిషి దాదాపు అర చదరపు మీటరు తెరిచిన కిటికీతో సమానం. అంటే గానకచేరీకి మూడు వందల మంది వస్తే గోడలకు నూట యాభై చదరపు మీటర్ల కిటికీలు తెరుచుకున్నట్టే. ఖాళీ హాలులో నాలుగింటికి నేను సరిచేసుకున్న సౌండు ఏడింటికి ఎందుకు మారిపోతుందో దీనితో తెలిసింది. కార్యకర్తలు నాతో "జనం పల్చగా ఉన్నారు, ఏమనుకోకండి" అంటుంటారు. నేను మనసులో లెక్క వేసుకుంటాను. నలభై మందే వస్తే హాలు ఎక్కువ మోగుతుంది, కాబట్టి వాళ్ళను ముందు వరుసల్లోకి రమ్మని అడగాలి, సౌండు తగ్గించాలి. నలభై మంది వచ్చినా వాళ్ళు పూర్తిగా వినాలి.

ఇప్పుడు మామ నేర్పిన అసలు పాఠానికి వస్తాను.

తెలుగు అజంత భాష. మన మాట చాలావరకు అచ్చుతో ముగుస్తుంది. పాటకు ఇంత అనువైన భాష లేదని అంటారు, అది నిజమే. రాగం సాగదీయడానికి ప్రతి మాట చివరా ఒక అచ్చు చేయి చాచి నిలబడి ఉంటుంది. గోడలు మోగే హాలులో ఆ అనువే అడ్డమవుతుంది. కల, తల, వల. మూడు మాటల్లోనూ అచ్చులు అవే. తేడా అంతా మొదటి హల్లులో ఉంది. హల్లు రెప్పపాటు కాలం పలుకుతుంది. అచ్చు దీర్ఘంగా, బలంగా పలుకుతుంది. ముందు మాట చివరి అచ్చు గోడల మధ్య తిరుగుతూ వచ్చి తర్వాతి మాట మొదటి హల్లు మీద పడుతుంది. ఇక కల అన్నారో తల అన్నారో ఎవరికి తెలుస్తుంది?

పైగా అచ్చు బలమంతా కింది శబ్దాల్లో ఉంటుంది. త, చ, స, శ లాంటి హల్లుల గుర్తులు ఎక్కువగా 2000 హెర్ట్జ్‌కు పైన ఉంటాయి. వయసు మీదపడినప్పుడు చెవి ముందుగా పోగొట్టుకునేదీ ఆ పై శబ్దాలనే. ఇప్పుడు ఆలోచించండి. అరవై ఏళ్ళు దాటినవారే ఎక్కువగా వచ్చే సభ. భాష అచ్చులతో నిండినది. హాలు గోడలు మోగేవి. వెనక నుంచి ఒక పెద్దాయన లేచి "బాబూ, కొంచెం సౌండు పెంచు" అంటారు. నేను పెంచితే ఏమవుతుంది? అచ్చులు ఇంకా ఉరుముతాయి. హల్లు ఇంకా మునిగిపోతుంది. ఆయనకు పెద్దగా వినపడుతుంది, ఏమన్నారో మాత్రం తెలియదు. మర్యాదస్థుడు కాబట్టి మళ్ళీ అడగకుండా కూర్చుంటారు.

అలాంటప్పుడు నేను తగ్గిస్తాను. గొంతు మైకులో 100 హెర్ట్జ్ కింద ఉన్నది ఉపన్యాసానికి అక్కర్లేదు, తీసేస్తాను. 200, 300 దగ్గర బురదలా పేరుకున్నదాన్ని కొంచెం కొంచెంగా తోడేస్తాను. రివర్బ్, అంటే మిక్సరు కలిపే మోత, ఉంటే కట్టేస్తాను. మృదంగం ఎడమ మైకు దించుతాను. అప్పుడు హల్లు పైకి తేలుతుంది, బావిలో పూడిక తీస్తే నీరు తేటపడినట్టు. కాసేపాగి ఆ పెద్దాయనే వెనక్కి తిరిగి "ఇప్పుడు బాగా పెంచావు నాయనా" అన్న సందర్భాలున్నాయి. నేను నమస్కారం పెట్టి ఊరుకున్నాను.

సినిమా పాటల కార్యక్రమాల్లో దీనికి ఎదురు పోరాటం ఉంటుంది. పాడేవారికి ఎకో కావాలి. ఎకో ఉంటే గొంతు తమకే తీయగా వినపడుతుంది, ధైర్యంగా ఉంటుంది. వారిని తప్పుపట్టను. వేదిక మీది మానిటర్ బాక్సులో వారికి కావలసినంత ఎకో ఇచ్చి, జనం వైపు పోయే బాక్సుల్లో తగ్గిస్తాను. పాడేవారి సుఖం వేరు, వినేవారి సుఖం వేరు. రెండిటికీ దారులు వేరుగా వెయ్యడమే మిక్సరు చేసే పని.

మైకు కూత పెట్టడం మీరంతా విన్నదే. స్పీకరులోంచి వచ్చిన ధ్వని మళ్ళీ మైకులోకి పోయి, మళ్ళీ స్పీకరులోంచి వచ్చి, అలా తిరిగి తిరిగి పెరిగిపోతే ఆ కూత పుడుతుంది. ఎన్ని మైకులు తెరిచి ఉంటే అంత ప్రమాదం. తెరిచిన మైకులు రెట్టింపైతే కూత రాకుండా సౌండు పెంచడానికి మా చేతిలో ఉన్న జాగా 3 డెసిబెల్స్ తగ్గిపోతుంది. అందుకే పద్యనాటకంలో ఎవరు మాట్లాడబోతున్నారో ముందే తెలుసుకుని, వారి మైకు మాత్రమే తెరవాలి. స్క్రిప్టు అడిగి తీసుకుని చదువుతాను. మామ కాలంలో వేదిక పైనుంచి మూడు మైకులు తాళ్ళతో వేలాడదీసేవారు. నటుడు పద్యం ఎత్తుకునే ముందు మైకు కిందికి నడిచి వచ్చేవాడు. ఆ నడక కూడా నటనలో భాగమైపోయింది. మైకులే లేని రోజుల్లో ఆదిభట్ల నారాయణదాసు గారి వంటి హరిదాసులు వట్టి గొంతుతో, కాలి గజ్జెలతో సభలను కూర్చోబెట్టారు. గొంతు సాధనే అప్పటి యాంప్లిఫయరు. మరోవైపు పాలకొల్లు నుంచి వచ్చిన మాండలిన్ శ్రీనివాస్ గారిని తలచుకోండి. ఆయన వాయించిన ఎలక్ట్రిక్ మాండలిన్‌కు సొంత కంఠం బహు చిన్నది. యాంప్లిఫయరు లేకపోతే ఆ గమకాలు మూడో వరుస దాటవు. అలాంటి వాద్యం వేదిక మీద ఉన్నప్పుడు సౌండు మనిషి ఆ వాద్యంలో ఒక భాగం. చెయ్యి వణకకూడదు.

బయలు ప్రదేశాల్లో లెక్క పూర్తిగా వేరు. నేను సొంతంగా మొదలుపెట్టిన కొత్తలో, నారాయణగూడలో ఒక బడి ఆవరణలో హరికథ. జనం బాగా వచ్చారు. వెనకవాళ్ళకు వినపడటం లేదని వేదికకు నలభై మీటర్ల దూరంలో మరో రెండు బాక్సులు పెట్టాను. పెట్టగానే ప్రతి మాటా రెండుసార్లు వినపడటం మొదలైంది. కరెంటు తీగలో క్షణంలో వచ్చేస్తుంది. గాలిలో ధ్వనికి, మన ఊరి ముప్పై డిగ్రీల వేడిలో, సెకనుకు 350 మీటర్ల నడక. నలభై మీటర్లు రావడానికి దానికి సుమారు 114 మిల్లీసెకన్లు పడుతుంది. కాబట్టి వెనక వరుసలకు దగ్గరి బాక్సులోంచి మాట ముందు వచ్చేసి, వేదిక మీది మాట తర్వాత వచ్చి గుద్దుకుంటోంది. హరిదాసు గారు చిరతలు ఒకటి వాయిస్తే రెండు వినపడ్డాయి. ఆ రోజు చేసేదేమీ లేక వెనక బాక్సులు కట్టేశాను. వెనక కూర్చున్న ముసలమ్మలు కుర్చీలు మోసుకుంటూ ముందుకు వచ్చారు. వాళ్ళను అలా లేపినందుకు చాలా బాధపడ్డాను.

ఇప్పుడు డిజిటల్ మిక్సరులో ఆ 114 మిల్లీసెకన్లు ఆలస్యం పెట్టేస్తాం. దానికి ఇంకో పది పదిహేను కలుపుతాం. ఎందుకు కలపాలో 1949లో హెల్ముట్ హాస్ అనే జర్మన్ పరిశోధకుడు తేల్చాడు. ఒకే ధ్వని రెండు చోట్ల నుంచి కొద్దిపాటి తేడాతో వస్తే, ముందు వచ్చిన వైపు నుంచే మొత్తం వస్తున్నట్టు మన చెవి అనుకుంటుంది. వేదిక మీది గొంతును ముందు చేరనిచ్చి, దగ్గరి బాక్సును వెంటనే తోడు పంపిస్తే, వినేవారికి మాట హరిదాసు నోటి నుంచే వచ్చినట్టు ఉంటుంది. పక్కనే బాక్సు ఉన్న సంగతి మరిచిపోతారు. చూపు వేదిక మీద, చెవి వేదిక మీద. ఆ నారాయణగూడ ముసలమ్మలకు ఇది ఇవ్వలేకపోయాను.

అశోక్‌నగర్ గురించి చెప్పకపోతే ఈ ప్రసంగం సగమే అవుతుంది. వినాలనుకునేవారి గురించే ఇంతసేపు చెప్పాను. వినకూడదనుకునేవారూ ఉన్నారు. అశోక్‌నగర్ అంటే పోటీ పరీక్షల ఊరు. గ్రూప్ వన్, గ్రూప్ టూ, పోలీసు ఉద్యోగాలు. జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు ఇరుకు గదుల్లో, స్టడీ హాళ్ళలో, లైబ్రరీ చెట్ల కింద ఏళ్ళ తరబడి చదువుతారు. ఒక వినాయక చవితికి అక్కడి సందులో మండపం దగ్గర నాది సౌండు. రాత్రి తొమ్మిదిన్నరకు ఒక అబ్బాయి వచ్చి నిలబడ్డాడు. చేతిలో పుస్తకం, వేలు పేజీ మధ్యలో. "అన్నా, భజన ఆపమని చెప్తలేను. పాట వినపడినా మంచిగుండు. మా రూముకు దుబ్ దుబ్ ఒక్కటే వస్తుంది. లైను చదివితే తలకెక్కుతలేదు" అన్నాడు.

ఆ అబ్బాయి చెప్పింది అక్షరాలా భౌతికశాస్త్రం. పై శబ్దాలు బాక్సు చూసిన వైపే పోతాయి, గోడ తగిలితే చాలావరకు ఆగిపోతాయి. బేస్ అలా కాదు. మూల తిరుగుతుంది, గోడ దాటుతుంది, మంచం కోళ్ళలోకి దిగుతుంది. భజనలోని రాగమూ మాటా మండపం దగ్గరే మిగిలి, దాని ఊపు మాత్రం ఆ పిల్లవాడి గదికి చేరుతోంది. నేను కమిటీ పెద్దలతో మాట్లాడి బేస్ బాక్సులు రెండూ కట్టేశాను. స్తంభాల మీది బాక్సులను దించి, తలలు నేల వైపు వంచి, చిన్నవి మరో రెండు జనం మధ్య పెట్టాను. దూరం రెట్టింపైతే ధ్వని 6 డెసిబెల్స్ తగ్గుతుంది కాబట్టి, ఒక పెద్ద బాక్సును అరిపించేకన్నా దగ్గరగా నాలుగు చిన్నవాటితో మెల్లగా మాట్లాడించడం మేలు. మండపం దగ్గర భజన ముందుకన్నా స్పష్టంగా వచ్చింది. సందు చివరకు నడిచి వెళ్ళి ఆ అబ్బాయి గది కింద నిలబడి విన్నాను. ఆ తర్వాత ఐదేళ్ళు అదే మండపానికి అలాగే కట్టాను.

చట్టమూ ఉంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు ఆరుబయట లౌడ్‌స్పీకరు వాడకూడదు. తలుపులు మూసిన ఆడిటోరియం లోపలి కార్యక్రమానికి మినహాయింపు. ఇళ్ళ మధ్య పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. ఆ హద్దు కాగితం మీదిది. పుస్తకంలో వేలు పెట్టుకుని నిలబడ్డ ఆ పిల్లవాడు నాకు అంతకన్నా గట్టి హద్దు.

చెవుల సంగతి ఇంకొకటి చెప్పాలి. 85 డెసిబెల్స్ ధ్వనిలో రోజుకు ఎనిమిది గంటలు మించి ఉండకూడదంటారు. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకూ ఆ సమయం సగమైపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సంగీత వేదికలకు 100 డెసిబెల్స్ సగటు మించవద్దని ప్రమాణం పెట్టింది. ఇదంతా మా మామ వయసులో ఉన్నప్పుడు ఎవరూ చెప్పలేదు. ఆయన హారన్ల కింద నిలబడి ముప్పై ఏళ్ళు పనిచేశాడు. జీపు మీద కూర్చుని, తలకు అడుగు దూరంలో హారను మోగుతుంటే ఊళ్ళు తిరిగాడు. అరవై వచ్చేసరికి పై శబ్దాలన్నీ పోయాయి. సైకిల్ బెల్లు వినపడదు. కుక్కర్ విజిల్ వినపడదు. మనవరాలు 'తాతా' అంటే 'ఆఆ' అని వినపడుతుందని ఒకరోజు చెప్పాడు. హల్లు కోసం నాకు మూడు నెలలు పాఠం చెప్పిన మనిషికి హల్లులే పోయాయి. నా దగ్గర పనిచేసే కుర్రవాళ్ళు చెవిబిరడాలు లేకుండా డీజే పనికి వెళ్తే నేను కోప్పడతాను. వాళ్ళకు అతి జాగ్రత్త అనిపిస్తుంది. అనిపించనీ.

కార్యక్రమాలు జరిపించే పెద్దలకు ఒక విన్నపం చేసుకోనివ్వండి. మాకు శాలువా అక్కర్లేదు. కళాకారులను ఒక్క అరగంట ముందు పంపండి. ఆరింటికి కార్యక్రమమని ఆరుంపావుకు వచ్చి, అతిథుల ప్రసంగాలు ఏడున్నర దాకా సాగి, తెర వెనక శ్రుతి చూసుకునే వ్యవధి కూడా లేకుండా నేరుగా వేదిక మీద కూర్చుంటే, మొదటి రెండు కీర్తనలూ మా సర్దుబాట్లకే బలైపోతాయి. ఆ రెండు కీర్తనలు వినడానికి ఒకరు ఉప్పల్ నుంచి రెండు బస్సులు మారి వచ్చి ఉంటారు. మాట్లాడేవారు మైకును వేలితో తట్టకండి, ఊదకండి. నోటికి బెత్తెడు దూరంలో పట్టుకుని మామూలుగా మాట్లాడండి. మీ మాట మోసుకెళ్ళడానికి వెనక మనిషి ఉన్నాడు.

పోయిన చలికాలం చిక్కడపల్లిలో ఒక కచేరీకి మామను తీసుకెళ్ళాను. ఇప్పుడు ఆయనకు ఎనభై దాటాయి. చెవి మిషన్ ఉంది గానీ సభలో పెట్టుకోడు, అన్ని చప్పుళ్ళూ ఒక్కసారే మీద పడుతున్నాయంటాడు. ఆయన ఎప్పుడూ కూర్చునేది చివరి వరుసే, నా బల్లకు రెండు గజాల దూరం. ఆయనకు ఒక అలవాటు ఉంది. పాటలో మాట తెలియనప్పుడు పక్కాయన వైపు కొంచెం వంగి, చేయి చెవికి ఆనించి, "ఏమంటున్నరు?" అని అడుగుతాడు. కొన్నేళ్ళుగా నేను మీటర్లకన్నా ఎక్కువగా ఆయన భుజాన్నే చూస్తున్నాను. భుజం వంగిందంటే ఎక్కడో హల్లు మునిగింది. ఆ రోజు మొదటి కీర్తనలో రెండుసార్లు వంగాడు. నేను మృదంగం ఎడమ మైకు ఇంకొంచెం దించాను. గొంతులో 250 దగ్గర మరికొంత తోడాను. రెండో కీర్తనలో ఒకసారి వంగాడు. మొత్తం సౌండు ఒక మెట్టు తగ్గించాను. వయొలిన్ విద్వాంసుడు నా వైపు చూశారు, తర్వాత తల ఆడించారు.

మూడో కీర్తన నుంచి మంగళం దాకా, గంటన్నర సేపు, మామ తొడ మీద తాళం వేసుకుంటూ కూర్చున్నాడు. ఒక్కసారి కూడా పక్కకు వంగలేదు.